పాత ప్లాంటులో కొత్త రియాక్టరు కంటే ముందు జరగవలసిన పని

ముప్పై, నలభై ఏళ్ళుగా నడుస్తున్న రసాయన కర్మాగారాన్ని ఆధునికీకరించాలని యాజమాన్యం తలపెట్టగానే బల్ల మీదికి వచ్చే మొదటి కాగితం సాధారణంగా ఏదో ఒక యంత్రం తాలూకు కొటేషను. పెద్ద రియాక్టరు (రసాయన చర్య జరిగే పాత్ర), కొత్త డ్రయ్యరు, కంట్రోల్ రూములో కంప్యూటర్ తెరలు: వీటిలో ఏది కొంటే ఉత్పత్తి ఎంత పెరుగుతుందన్న లెక్కతో చర్చ మొదలై, ఆ లెక్కతోనే ముగుస్తుంది. జీడిమెట్ల, పటాన్‌చెరు ప్రాంతాల్లోనూ విశాఖ చుట్టుపక్కలా పాత ప్లాంట్లు చాలావాటికి ఇప్పుడు ఈ దశ వచ్చింది. ఇటువంటి ప్లాంట్లలో ప్రాసెస్ ఇంజినీరుగా పనిచేస్తూ వచ్చిన నాకు ఈ వరుస తలకిందులుగా కనిపిస్తుంది. ప్లాంటు ఇప్పుడు ఏమేమి పోగొట్టుకుంటున్నదో, ఉత్పత్తి నిజంగా ఎక్కడ ఆగిపోతున్నదో ముందు తేలాలి. పెరగబోయే సరుకును చల్లబరిచే, పీడనం పెరిగితే వదిలించే, వ్యర్థాన్ని శుద్ధి చేసే ఏర్పాట్లు ఆ పెరుగుదలను మోయగలవో లేదో తరువాత తేలాలి. పెద్ద యంత్రం మాట ఈ రెండూ తేలాకే రావాలి.

మొదట ఆవిరి సంగతి చూద్దాం. ప్లాంటులో బాయిలరు నుంచి బయలుదేరిన ఆవిరి రియాక్టరు జాకెట్టులో, అంటే పాత్ర చుట్టూ ఉండే రెండో గోడ లోపల, తన వేడిని ఇచ్చి నీరుగా మారుతుంది. ఆ వేడినీటినే కండెన్సేట్ అంటాం. చదరపు సెంటీమీటరుకు ఏడు కిలోల పీడనం వద్ద ఆవిరిలో ఉన్న మొత్తం వేడిలో నాలుగో వంతు దాకా ఈ నీటిలోనే మిగిలి ఉంటుంది. పైగా అది అప్పటికే శుద్ధి చేసిన నీరు. దాన్ని బాయిలరుకు తిరిగి పంపి, ఫీడ్ వాటర్ ఉష్ణోగ్రతను 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు తేగలిగితే ఇంధనం ఎనిమిది శాతానికి పైగా మిగులుతుంది, ఎందుకంటే ఫీడ్ వాటర్ వేడి పెరిగే ప్రతి ఆరు డిగ్రీలకూ ఇంధనం సుమారు ఒక శాతం ఆదా అవుతుందన్నది బాయిలరు ఆపరేటర్లందరికీ తెలిసిన లెక్క. ఇంత తెలిసీ మందుల ముడిపదార్థాలు చేసే చాలా బల్క్ డ్రగ్ ప్లాంట్లలో కండెన్సేట్ నేరుగా కాలువలోకి పోతుంది. వానాకాలం ఉదయం ఏ ప్లాంటు వెనక గోడ దగ్గర నిలబడి చూసినా డ్రెయిన్ల మీద లేచే పొగమంచు అదే.

దీన్ని అజాగ్రత్త అని కొట్టిపారేస్తే కారణం దొరకదు. మా రంగంలో ఒకే జాకెట్టులోకి గంటకో ద్రవం వెళుతుంది: చర్య మొదలుపెట్టడానికి ఆవిరి, అది ముగిశాక కూలింగ్ టవర్ నీరు, స్ఫటికాలు దిగడానికి సున్నా కంటే దిగువన ఉండే ఉప్పునీరు, అంటే బ్రైన్. మళ్ళీ ఆవిరి తెరిచినప్పుడు జాకెట్టు అడుగున మిగిలిన బ్రైన్ కండెన్సేట్‌తో కలిసి వస్తుంది. ఆ ఉప్పులోని క్లోరైడ్ బాయిలరుకు చేరితే ట్యూబులు పాడవుతాయి కాబట్టి, ఎప్పుడో ఒక ఫోర్‌మన్ ఆ లైను కోసి కాలువలోకి తిప్పి ఉంటాడు. ఆ రోజున అతను చేసింది సరైన పనే. దీనికి మందు కూడా తెలిసినదే. తిరుగు లైనులో నీటి వాహకతను కొలిచే మీటరు పెట్టి, ఉప్పు ఉంటే కాలువకూ లేకపోతే బాయిలరుకూ పంపే ఆటోమేటిక్ వాల్వు బిగించడం ఒక దారి. వేడికీ చలికీ ఒకే ద్రవాన్ని వాడే థర్మిక్ వ్యవస్థకు మారడం రెండో దారి. అది ఖరీదైనదే గాని ఉష్ణోగ్రత మీద అదుపు కూడా మెరుగుపడుతుంది. ఏ దారైనా కొత్త రియాక్టరు ధరతో పోలిస్తే చిన్న ఖర్చు.

ఇన్సులేషన్ ఊడిన ఫ్లాంజీలు, పనిచేయని స్టీమ్ ట్రాపులు (ఆవిరిని ఆపి నీటిని మాత్రం వదిలే సాధనాలు), చిన్న చిన్న లీకులు కూడా ఈ కోవలోకే వస్తాయి. ఏడు కిలోల పీడనంతో ఆవిరి పోతున్న పైపుకు మూడు మిల్లీమీటర్ల చిల్లు పడితే ఏడాదికి సుమారు 33 కిలోలీటర్ల ఫర్నేస్ ఆయిల్ వృథా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో శిక్షణ పుస్తకాల్లో లెక్క ఉంది. పంపుల కథా ఇంతే. పూర్తి వేగంతో తిరిగే పంపు ముందు వాల్వును సగం మూసి ప్రవాహాన్ని తగ్గించడం పాత ప్లాంట్లలో మామూలు. ఎత్తుకు తోడే పని తక్కువగా ఉండి, రాపిడి నష్టమే ఎక్కువగా ఉన్న లైన్లలో వాల్వు బారుగా తెరిచి పంపు వేగాన్నే 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది.

ఉత్పత్తి ఎక్కడ ఆగుతుందన్నది రెండో విషయం. బ్యాచ్ ప్లాంట్లలో దీన్ని తెలుసుకోవడానికి ఆపరేటర్లు అంకెలు నమోదుచేసే లాగ్‌షీట్లు చాలు. కాకపోతే వాటిని ఆడిట్ కోసం భద్రపరచడమే గాని కూర్చుని చదివేవారు తక్కువ. రియాక్టరులో చర్య ఎనిమిది గంటల్లో ముగుస్తుందనుకుందాం. ఆ తరువాత అదే రియాక్టరు మరో పది గంటలు నిండుగా నిలబడి ఉందంటే కారణం దాని కింద ఉంటుంది. సరుకును వేగంగా తిప్పి ద్రవం నుంచి స్ఫటికాలను వేరుచేసే సెంట్రిఫ్యూజు ఒక్కటే ఉంది. ఒక లోడు తిప్పి, కడిగి, ఆరబెట్టి, మూత తీసి, తడి కేకును మనిషి స్కూపుతో తోడి సంచిలోకి ఎత్తాక గాని రెండో లోడు పడదు. నేను చూసిన ఒక ప్లాంటులో ఉత్పత్తి చాలడం లేదని రెండో రియాక్టరు తెప్పించారు. నెల తిరిగేసరికి ఒకటికి బదులు రెండు రియాక్టర్లు అదే సెంట్రిఫ్యూజు కోసం వరుసలో నిలబడ్డాయి, ఉత్పత్తి ఉన్నచోటే ఉంది. ఆ స్థానంలో వడపోత, ఆరబెట్టడం ఒకే మూసిన పాత్రలో జరిగే ఫిల్టర్ డ్రయ్యరు ఒకటి పెట్టి ఉంటే బ్యాచ్ సమయం తగ్గడమే కాక, ద్రావణి ఆవిర్లను పీలుస్తూ తోడే ఆ మనిషి పని కూడా తప్పేది. నా దృష్టిలో ఈ రెండో లాభం మొదటిదానికంటే పెద్దది, కాని ప్రతిపాదన కాగితాల్లో దానికి గడి ఉండదు.

యంత్రం మార్చక తప్పని సందర్భాలు లేవని నేను అనడం లేదు. కాస్టిక్ సోడా పరిశ్రమ దానికి మంచి ఉదాహరణ. మన దగ్గర కొవ్వూరులోనూ కర్నూలులోనూ కాస్టిక్ తయారవుతుంది కాబట్టి ఈ పరిశ్రమ తెలుగువారికి కొత్త కాదు. ఉప్పునీటిలో కరెంటు పంపి కాస్టిక్, క్లోరిన్, హైడ్రోజన్ తీసే ఈ పనికి ఒకప్పుడు పాదరసమే కాథోడ్‌గా (రుణధ్రువంగా) ఉండే సెల్సు వాడేవారు. టన్ను కాస్టిక్‌కు 3,000 యూనిట్లకు పైగా కరెంటు కాలేది. పాదరసం గాలిలోకీ నీటిలోకీ చేరేది. పాదరసం బదులు సన్నని పొరను వాడే మెంబ్రేన్ సెల్సు వచ్చాక ఆ ఖర్చు 2,100 నుంచి 2,500 యూనిట్ల మధ్యకు దిగింది. 2003లో కేంద్ర పర్యావరణ శాఖ పరిశ్రమలతో చేయించిన బాధ్యతా ఒడంబడికలో పాదరసం సెల్సును 2012 నాటికి పూర్తిగా వదిలేయాలని గడువు పెట్టారు. ఒక సాంకేతికతను మొత్తంగా మార్చడం ఎంత మేలు చేయగలదో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

అయితే ఆ మార్పు చేసినవారికి తెలిసిన విషయం ఒకటుంది. మెంబ్రేను అతి సున్నితమైనది. పాదరసం సెల్లు ఓర్చుకునే ఉప్పునీటిని అది ఓర్చుకోదు. కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి వంద కోట్ల భాగాల్లో 20 భాగాలకు మించితే పొర రంధ్రాల్లో గట్టిపడి వోల్టేజీ పెరుగుతుంది, సామర్థ్యం పడిపోతుంది. అందుకని సెల్ హౌసు కంటే ముందు ఉప్పునీటి విభాగంలో ఆ కాల్షియం, మెగ్నీషియంలను పట్టేసే రెజిన్ స్తంభాలు నిలబెట్టవలసి వచ్చింది. పాదరసం సెల్లు నుంచి 50 శాతం గాఢతతో కాస్టిక్ నేరుగా వచ్చేది. మెంబ్రేను నుంచి వచ్చేది 32 శాతమే, మిగతా నీటిని ఆవిరి ఖర్చుపెట్టి ఇగర్చాలి. కరెంటులో మిగిలిన దానిలో కొంత ఆ ఆవిరి తినేస్తుంది. టన్ను కాస్టిక్‌తో పాటు వచ్చే సుమారు 25 కిలోల హైడ్రోజన్‌ను గాలిలోకి వదలకుండా బాయిలరులో మండించుకునే ఏర్పాటు ఉంటే ఆ ఆవిరి ఖర్చులో చాలా భాగం పూడుతుంది. సెల్లు ఒక్కటే మార్చి, దాని ముందూ వెనుకా ఉన్నవాటిని పాతవిగానే వదిలేస్తే లెక్క తప్పేది ఇక్కడే.

కొన్ని ప్లాంట్లను ఏ మరమ్మతూ కాపాడలేదని కూడా ఒప్పుకోవాలి. రామగుండం ఎరువుల కర్మాగారం చరిత్ర దీనికి సాక్ష్యం. ఒడిశాలోని తాల్చేరుతో పాటు దీన్ని బొగ్గు ఆధారంగా కట్టారు. సింగరేణి బొగ్గును కాపర్స్ టోట్జెక్ పద్ధతిలో గ్యాసుగా మార్చి, దాని నుంచి అమ్మోనియా, యూరియా తీయాలన్నది ఆలోచన. ఏడాదికి 4.95 లక్షల టన్నుల యూరియా సామర్థ్యంతో 1980లో ఉత్పత్తి మొదలైంది. బొగ్గులోని బూడిద, పరికరాల ఇబ్బందులు, కరెంటు అంతరాయాలు దాన్ని పూర్తి సామర్థ్యానికి చేరనివ్వలేదు. నష్టాలు పేరుకుపోయి 1999లో మూతపడింది. అక్కడ పనిచేసినవారి నైపుణ్యంలో లోపం లేదు. ముడిసరుకు ఎంపికే వారికి అందనంత పైస్థాయిలో ఖరారైన నిర్ణయం. అదే భూమిలో సహజవాయువు ఆధారంగా, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో కొత్త ప్లాంటు 2021లో నడక మొదలుపెట్టడానికి ముందు అక్కడికి గ్యాస్ పైపులైను రావలసి వచ్చింది.

దీని పక్కన ఉత్తరాది ప్లాంట్లను పెట్టి చూడండి. నంగల్, పానిపట్, భటిండాల్లో ఫర్నేస్ ఆయిలుతో నడిచిన మూడు ఎరువుల ప్లాంట్లను 2013 నాటికి గ్యాసుకు మార్చారు. అమ్మోనియాకు కావలసిన వాయువును తయారుచేసే మొదటి విభాగాన్ని మార్చి, అమ్మోనియా సంశ్లేషణ, యూరియా విభాగాలను నిలుపుకొన్నారు. అంటే పాత ప్లాంటును చూసినప్పుడు దానిలో ఏ భాగం కాలం చెల్లింది, ఏ భాగం మరో ఇరవై ఏళ్ళు నిలుస్తుంది అని విడదీసి చూడగలగాలి. రామగుండంలో ఆ విభజనకు అవకాశం ఉన్న రోజుల్లో గ్యాసు లేదు, గ్యాసు వచ్చేనాటికి పాత ప్లాంటు మిగలలేదు. రామగుండం పక్కనే ఉన్న గోదావరిఖనిలో రెండు దశాబ్దాలకు పైగా ఆ గేటు మూసి ఉండడం చూసిన కుటుంబాలకు దాని ఖరీదు ఎవరూ లెక్కకట్టి చెప్పనక్కరలేదు.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టే సంగతి భద్రత. ఉత్పత్తి పెంపు ప్రతిపాదనల్లో దీన్ని చివరి పేజీలో ఒక పేరాగా రాస్తారు. అది మొదటి పేజీలో ఉండాలనడానికి సాధారణ జ్యామితి చాలు. రియాక్టరు పొడవు, వెడల్పు, ఎత్తు రెండింతలు చేస్తే దానిలో పట్టే సరుకు ఎనిమిదింతలు అవుతుంది, దాన్ని చల్లబరిచే జాకెట్టు వైశాల్యం నాలుగింతలే అవుతుంది. వేడిని పుట్టించే చర్యలో లీటరు సరుకుకు దక్కే చల్లదనం సగమైందన్నమాట. చిన్న రియాక్టరులో ఏళ్ళ తరబడి బుద్ధిగా నడిచిన చర్యే పెద్దదానిలో అదుపు తప్పగలదు. పాత్ర అదే ఉంచి బ్యాచ్ పరిమాణం పెంచినా ముప్పు ఈ జాతిదే. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అనే చిన్న సంస్థ పెట్రోలులో కలిపే ఒక రసాయనాన్ని చేసేది. 42వ బ్యాచ్ నుంచి బ్యాచ్ పరిమాణాన్ని మూడో వంతు పెంచారు. 2007 డిసెంబర్ 19న 175వ బ్యాచ్ నడుస్తుండగా కూలింగ్ విఫలమైంది, బదులు ఏర్పాటు లేదు, పీడనాన్ని వదలవలసిన రిలీఫ్ ఆ వేగానికి సరిపోలేదు. పేలుడులో నలుగురు చనిపోయారు. అన్ని బ్యాచ్‌లు సవ్యంగా దిగాయి కదా అన్నది ధైర్యానికి కారణం కాకూడదని ఆ ఘటన తరువాత ఎవరికైనా తెలియాలి.

మనకు మరీ దగ్గరది విశాఖ. ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన పాత ప్లాంటు. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) తనంతట తాను వేడెక్కి ఆవిరై ఊరి మీద పడింది. పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికలో ఉన్న రెండు సంగతులను ప్రతి ప్లాంటు ఇంజినీరూ గుర్తుంచుకోవాలి. ట్యాంకులో ద్రవాన్ని తిప్పే పైపు అమరికను 2019 డిసెంబరులో మార్చారు. ఆ మార్పుతో ద్రవం సరిగ్గా కలవడం తగ్గి పై పొరలు వేడెక్కసాగాయి. ఉష్ణోగ్రత కొలిచే సాధనం మాత్రం ట్యాంకు అడుగున ఒక్కటే ఉంది. చల్లగా ఉన్న అడుగును చూసి లాగ్‌షీటులో నమోదైన అంకె, పైన జరుగుతున్నదాన్ని ఒక్కరోజూ చెప్పలేదు. ఒక పైపు మార్పు, ఒక సాధనం కొరత: రెండూ కాగితం మీద అతి చిన్నవి.

మందుల పరిశ్రమలో మార్పులను పరిశీలించే పద్ధతి లేదా అంటే, ఉంది. చేంజ్ కంట్రోల్ అన్న మాట తెలియని సూపర్‌వైజరు ఉండడు. ముడిసరుకు సరఫరాదారు మారినా ఆ పత్రం నింపాల్సిందే. కాని ఆ పద్ధతి విదేశీ నియంత్రణ సంస్థల తనిఖీల ఒత్తిడితో సరుకు నాణ్యత చుట్టూ పెరిగింది. చిల్లర్ నుంచి వచ్చే లైను దారి మళ్ళించినప్పుడు, వెంట్ పైపు రెండు అంగుళాల నుంచి ఒక అంగుళానికి తగ్గినప్పుడు, షట్‌డౌన్‌లో పాడైన రప్చర్ డిస్కు (పీడనం మించితే పగిలి దారి ఇచ్చే పలక) స్థానంలో దారి మూసే బ్లైండు బిగించినప్పుడు అదే కఠినత్వం కనిపించదు, ఎందుకంటే అవి సరుకును తాకవు. ఆవిరి, చల్లని నీరు, వెంట్ వంటి యుటిలిటీ లైన్ల మీద చేసే ప్రతి మార్పుకూ మందు నాణ్యతకు ఇచ్చినంత విలువ ఇచ్చి, హాజాప్ (ఏది ఎలా తప్పగలదో వరుసగా పరిశీలించే పద్ధతి) చేసి, సంతకాలయ్యాకే పైపు కోయాలి. ఇది ఆధునికీకరణకు అడ్డం అనేవారితో నేను ఏకీభవించలేను. ఆధునిక ప్లాంటుకూ పాత ప్లాంటుకూ నేను చూసే ప్రధానమైన తేడా ఇదే.

వ్యర్థజలాల విషయం ఇంత పొడుగు చెప్పనక్కరలేదు. ఉత్పత్తి పెరిగితే వ్యర్థమూ పెరుగుతుంది. పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమల వ్యర్థంతో కలుషితమైన నక్కవాగు వెంట ఉన్న ఊళ్ళు దాని ఫలితం చూశాయి. ద్రావణిని తిరిగి పట్టుకోవడం, నీటి వాక్యూం పంపుల స్థానంలో పొడి స్క్రూ పంపులు పెట్టడం వంటివి వ్యర్థాన్ని పుట్టిన చోటే తగ్గిస్తాయి కాబట్టి, శుద్ధి కేంద్రాన్ని పెద్దది చేయడం కంటే ముందు వాటిని చూడాలి.

ఇవన్నీ చేయడానికి ప్లాంటు డ్రాయింగులు సరిగ్గా ఉండాలి గదా అని అడగవచ్చు. పాత ప్లాంట్లలో అవి ఉండవు. కాగితం మీద ఉన్న వాల్వు నేల మీద ఉండదు, నేల మీద ఉన్న బైపాసు కాగితం మీద ఉండదు. అందుకే ఆధునికీకరణలో మొదటి నెల పనిగా నేను కోరేది ఇద్దరు కుర్ర ఇంజినీర్లను, ఒక పాత ఆపరేటరును కలిపి ప్రతి లైనునూ చేత్తో తడుముతూ నడిపించడం. ఆ ఆపరేటరు చాలాసార్లు కాంట్రాక్టు కార్మికుడే అయి ఉంటాడు. ఫలానా ట్రాపు వేసవిలో మాత్రమే పట్టేస్తుందనీ, ఫలానా గేజీ పది డిగ్రీలు తక్కువ చూపిస్తుందనీ, మూడో రియాక్టరు వాక్యూం అందుకోవాలంటే రెండోదాని వాల్వును ఒకసారి తెరిచి మూయాలనీ అతనికి తెలుసు. ఆ తెలివిడి ఏ ఫైలులోనూ ఉండదు. కొత్త కంట్రోల్ వ్యవస్థను, ఇప్పుడు అందరూ చెబుతున్న కృత్రిమ మేధను ఆ పది డిగ్రీల తప్పు గేజీకి కలిపితే, తప్పు అంకె మీద వేగంగా నిర్ణయాలు తీసుకునే ప్లాంటు తయారవుతుంది. గేజీల కాలిబ్రేషను ముందు జరగాలి.

చిన్న పరిశ్రమల యజమానులు దీనికంతటికీ ఇచ్చే జవాబు నాకు తెలుసు: సొమ్ము లేదు, కొనుగోలుదారు ధర పెంచడు, బ్యాంకు యంత్రానికి అప్పిస్తుంది గాని ఇన్సులేషనుకు ఇవ్వదు. ఇందులో చివరి మాట చాలావరకు నిజం, అది మారాలి. యంత్రాన్ని తాకట్టుగా చూపగలిగినట్టు ఆదా అయిన ఆవిరిని చూపలేకపోవడం వల్లనే చిన్న ప్లాంట్లు అవసరం లేని రియాక్టర్లు కొంటున్నాయి. భారీ పరిశ్రమలకు ఇంధన పొదుపు లక్ష్యాలు పెట్టి, మించి పొదుపు చేసినవారికి అమ్ముకోదగ్గ ధ్రువపత్రాలిచ్చే పాట్ పథకం 2012లో మొదలైంది. ఎరువులు, కాస్టిక్ అందులోకి వచ్చాయి. జీడిమెట్లలో నాలుగు రియాక్టర్లతో నడిచే యూనిట్ దాని పరిధిలోకి రాలేదు. పారిశ్రామికవాడ మొత్తానికి ఒక ఇంధన ఆడిట్ బృందాన్ని నియమించి, ఆ బృందం లెక్కకట్టిన పొదుపునే హామీగా తీసుకుని అప్పిచ్చే ఏర్పాటు రెండు రాష్ట్రాలూ చేయగలవు. కొలిచే పరికరాలు పది యూనిట్లు కలిసి అద్దెకు తెచ్చుకోగలవు. అది వచ్చేదాకా ఆగకుండా ఏ యజమాని అయినా వచ్చే షట్‌డౌన్‌లో చేయగల పని మాత్రం ఒకటుంది: ఆవిరికీ, కూలింగ్ నీటికీ, కరెంటుకూ బ్లాకు వారీగా మీటర్లు పెట్టించి, కొత్త రియాక్టరు కొటేషను మీద సంతకం పెట్టే ముందు మూడు నెలల అంకెలు చూడడం.